ఏడు లెడ్ ఏప్రన్లు

ఆ వానాకాలం మొదట్లో మాకు మార్కుల్లేని ప్రశ్నపత్రం ఒకటి పంచారు. ఎక్స్‌రే కోర్సు రెండో సంవత్సరంలో మేం పదకొండు మందిమి. రేడియేషన్ గురించి విద్యార్థులకు ఎంత తెలుసో, ఎంత జాగ్రత్తగా పనిచేస్తున్నారో తెలుసుకుందామని యూనివర్సిటీ వాళ్ళు పంపారట. ఇరవై ప్రశ్నలు. ఒక్కోదాని పక్కన రెండు గళ్ళు: అవును, కాదు. మీకు డోసు కొలిచే బ్యాడ్జ్ ఇచ్చారా, దాన్ని రోజూ పెట్టుకుంటున్నారా, కిరణాల్ని ఆపే లెడ్ ఏప్రన్ వేసుకుంటున్నారా, ఏప్రన్లను ఏటా పరీక్షిస్తున్నారా, ఇలా.

పత్రాలు తెచ్చింది ఫిజిక్స్ మేడమ్. నింపించే పని మాత్రం ఆసుపత్రి చీఫ్ టెక్నీషియన్‌ది. ఆయన గోడగడియారం వంక చూసి, "అన్నిటికీ అవును అని కొట్టెయ్యండి. పదమూడో దానికి మాత్రం కాదు. ఐదు నిమిషాల్లో అయిపోవాలి, బయట లైను చూశారుగా," అన్నాడు.

పదమూడో ప్రశ్న ఇది: ఎక్స్‌రే తీసేటప్పుడు మీరు రోగిని చేతులతో పట్టుకుంటున్నారా?

గదిలో అందరూ నవ్వారు. చీఫ్ కూడా నవ్వాడు. ఆయన మా నాన్న.

నేను నవ్వలేకపోయాను. దానికి కారణం అంతకు ముందు వారం జరిగింది. నాలుగేళ్ళ బాబుకి ఛాతీ ఎక్స్‌రే తీస్తుంటే వాడు కుదురుగా నిలబడలేదు. నాన్న మామూలుగానే నావైపు చూసి "పట్టుకో" అన్నాడు. వాడి రెండు చేతులూ పైకెత్తి పట్టుకున్నాను. ఆ పూటకి అది నాలుగోసారి. తర్వాత కంప్యూటర్ తెర మీద బొమ్మ వచ్చింది. వాడి పక్కటెముకలు, చిన్న గుండె, పైన రెండు వైపులా నా వేళ్ళు. తెల్లటి ఎముకలు, ఒక్కో కణుపూ లెక్కపెట్టొచ్చు. కుడి ఉంగరపు వేలికి అమ్మ ఇచ్చిన ఉంగరం, ఎముక చుట్టూ వేలాడుతున్నట్టు. నా చేతుల్ని అలా నేనెప్పుడూ చూడలేదు. నాన్న మౌస్‌తో అంచుల్ని లోపలికి జరిపి నా వేళ్ళను కత్తిరించేసి, ఫిల్మ్ ప్రింటుకి పంపాడు.

"బాగా వచ్చింది. తర్వాత ఎవరు?" అన్నాడు.

అందుకని పదమూడో ప్రశ్నకు "అవును" అని కొట్టాను. బ్యాడ్జ్ ప్రశ్నకు "కాదు" అని కొట్టాను. మా బ్యాడ్జ్‌లు ఉన్నమాట నిజమే, కానీ పోతాయేమోనన్న భయంతో పదకొండూ నాన్న టేబుల్ సొరుగులోనే ఉండేవి. మూడునెలలకోసారి వాటిని రీడింగుకి పంపేవాళ్ళు, సున్నా అని తిరిగొచ్చేవి. సొరుగులో ఉన్నదానికి సున్నా రాక ఏమొస్తుంది? ఏప్రన్ల పరీక్ష ప్రశ్న దగ్గర, నాకు తెలియదు అని పక్కన చేత్తో రాశాను. పైన నా రోల్ నంబరు స్పష్టంగా వేశాను. నాన్న ఏ కాగితమూ చూడకుండానే అన్నిటినీ కవర్లో పెట్టి అంటించేశాడు.

మూడు వారాలకి యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. పదిమంది అచ్చుగుద్దినట్టు ఒకేలా రాసి, ఒక్కరు వేరుగా రాస్తే, ఆ ఒక్కరే నిజం రాశారని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. నెల తిరక్కుండా ఇద్దరు పరిశీలకులు వస్తారనీ, బ్యాడ్జ్ లెక్కలూ ఏప్రన్ల పరీక్ష రిజిస్టరూ సిద్ధంగా ఉంచమనీ అందులో ఉంది. సూపరింటెండెంట్ నాన్నని పిలిపించారు. అక్కడ ఏం జరిగిందో అప్పటికి నాకు తెలియదు గానీ, సాయంత్రం నాన్న ఇంటికొచ్చి గొడుగు కూడా మడవకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇంట్లో దీపమని ముద్దుపెట్టుకుంటే మీసాలు కాలాయట," అన్నాడు.

అమ్మ కుట్టుమిషన్ మీదనుంచి తలెత్తకుండా, "మీకు మీసాలు లేవుగా. ఇంతకీ ఏమైంది?" అంది.

అమ్మ దర్జీ. ముందుగది అంతా ఆమె దుకాణమే. ఎవరైనా కోపంగా వస్తే వాళ్ళ కొలత తీసుకుంటున్నట్టు ఒకసారి పైకీ కిందకీ చూసి మళ్ళీ పనిలో పడిపోయేది.

నాన్న జరిగింది చెప్పాడు. చెబుతున్నంతసేపూ నావైపు చూడలేదు. చివర్లో మాత్రం తిరిగాడు. "ముప్పై రెండేళ్ళు ఆ గదిలో చేశాను. చేత్తో పట్టుకుని లక్ష ఫిల్మ్‌లు తీసుంటాను. నాకేమైంది?"

"ఏమైందో తెలియదు నాన్నా. నీ బ్యాడ్జ్ కూడా అన్నేళ్ళూ సొరుగులోనే ఉంది. సొరుగుకి ఏమీ కాలేదని మాత్రం ఖాయంగా తెలుసు."

ఆ మాట అంత కటువుగా అనాలనుకోలేదు. కానీ అన్నాక వెనక్కి తీసుకోవాలని కూడా అనిపించలేదు. నాన్న గొడుగు మూలకి ఆనించి లోపలికి వెళ్ళిపోయాడు. మిషన్ చక్రం తిరుగుతూనే ఉంది.

మర్నాడు రెండో గదిలో నా పోస్టింగ్. నాతో పాటు ఇద్దరు. ఒకడు పొడుగోడు, వాడు తల వంచకుండా ఏ గుమ్మంలోంచీ దూరలేడు. ఇంకొకతెను అందరం డౌటు అనేవాళ్ళం, ఏ క్లాసయినా ఆమె ప్రశ్నతోనే ముగిసేది. వాన వల్ల దగ్గులూ జ్వరాలూ పెరిగి లైను మెట్ల దాకా వెళ్ళింది. పదకొండో నంబరు మూడేళ్ళ పాప. తల్లి చంకలోంచి దించగానే ఏడుపు అందుకుంది.

"పట్టుకో," అన్నాడు నాన్న బటన్ దగ్గరి సీసం అద్దం వెనకనుంచి.

"పట్టుకోను సార్."

ఆసుపత్రిలో నేను ఆయన్ని సార్ అనే పిలిచేదాన్ని. ఆ రోజు ఆ పిలుపు నాకే వేరుగా వినబడింది. పొడుగోడు అలవాటు కొద్దీ ఒక అడుగు ముందుకు వేశాడు. డౌటు వాడి చొక్కా వెనకనుంచి పట్టుకుని లాగింది.

నాన్న కోప్పడలేదు. అద్దం వెనకనుంచి బయటికొచ్చి, వేసుకున్న ఏప్రన్ సర్దుకుని, వట్టి చేతులతో పాప రెండు భుజాలూ పట్టుకుని నిలబెట్టాడు. "వెళ్ళి బటన్ నొక్కు," అన్నాడు నాతో.

నేను అద్దం వెనక్కి వెళ్ళాను. బటన్ మీద వేలు పెట్టాను. అద్దంలోంచి నాన్న చేతులు కనబడుతున్నాయి. వేళ్ళ చివర్లు ఎండిన సున్నంలా పొడిబారి, బొటనవేలి గోరు నిలువునా చీలి ఉంటుంది. రోజూ అన్నం కలిపే చెయ్యి. అది దేనివల్ల అలా అయిందో ఏ డాక్టరూ ఖాయంగా చెప్పలేదు. సబ్బు పడలేదన్నారు, చలి అన్నారు, వయసన్నారు.

"నొక్కు. ఊపిరి తీసుకుంది."

"మీరు బయటికి రండి సార్."

"నొక్కమంటుంటే."

"మీరు లోపల ఉంటే నొక్కను."

గుమ్మంలో నిలబడ్డ వాళ్ళంతా చూస్తున్నారు. పాప కూడా ఏడుపు ఆపి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నాన్న చేతులు వదిలేసి పక్కకి జరిగాడు. నేను పాప తల్లిని పిలిచి, కడుపుతో ఉన్నారా అని అడిగి, కాదంటే కొయ్యకున్న పాత ఏప్రన్ తీసి ఆమెకు తొడిగాను. ఫీల్డులో మీ చేతులు పడకుండా ఇలా మోచేతుల దగ్గర పట్టుకోండమ్మా అని చూపించాను. ఫీల్డు అంటే ఏమిటని అడిగింది. పాప మీద పడ్డ ఆ వెలుతురు చదరం అని చూపించాను. ఏప్రన్ భుజం కుట్టు ఊడి జారిపోతుంటే డౌటు తన జుట్టు క్లిప్పు తీసి దానికి పెట్టింది. బటన్ నొక్కాను. ఫిల్మ్‌లో పాప ఒక్కతే ఉంది.

"నాలుగు నిమిషాలు," అన్నాడు నాన్న. "ఒక పాపకి నాలుగు నిమిషాలు. బయట నూట ముప్పై మంది ఉన్నారు. వాళ్ళకి నువ్వు చెబుతావా, నేను చెప్పాలా?"

"నేను చెబుతాను," అని బయటికి వెళ్ళి చెప్పాను. కాస్త ఆలస్యమవుతుందని, ఎందుకో కూడా చెప్పాను. ఇద్దరు విసుక్కున్నారు. ఒక ముసలాయన మాత్రం, "నెమ్మదిగానే కానీ తల్లీ, దగ్గు ఎక్కడికీ పోదు," అన్నాడు.

నా పోస్టింగ్ పుస్తకంలో ఆ రోజు పేజీలో నాన్న, ఆదేశం పాటించలేదు, అని రాసి సంతకం పెట్టాడు.

సాయంత్రం ఊడిన ఏప్రన్‌ని నాన్నే ఇంటికి తెచ్చాడు. అది మామూలే. ఆసుపత్రి ఏప్రన్ల పైగుడ్డ చిరిగినప్పుడల్లా అమ్మే కుట్టేది. ఆయన స్నానానికి వెళ్ళగానే అమ్మ దాన్ని బల్ల మీద పరిచి అరచేతులతో ఒత్తుకుంటూ పోయింది, గుడ్డలో మడత వెతికినట్టు.

"ఇటు రా," అంది. నా చెయ్యి తీసుకుని ఏప్రన్ నడుము దగ్గర పెట్టింది. "ఒత్తు."

పైన గుడ్డ బాగానే ఉంది. లోపల ఏదో గట్టు తగిలింది. రెండు పలకలు ఒకదాని మీదికొకటి ఎక్కినట్టు. వేళ్ళు జరుపుకుంటూ పోతే ఈ చివర నుంచి ఆ చివరకి అదే గట్టు.

"ఏమిటమ్మా ఇది?"

"విరిగింది. లోపల ఉండే ఆ సీసం రబ్బరు రేకు. వాళ్ళు దీన్ని మడిచి కుర్చీ మీద పడేస్తారు కదా. ఏ గుడ్డయినా మడత దగ్గరే పోతుంది, ఇదీ అంతే." సూది నోట్లో పెట్టుకుని మాట్లాడుతోంది. "ఆరేళ్ళ కిందట మొదటిసారి కుట్టినప్పుడే చెప్పాను మీ నాన్నకి. పైది నేను కుట్టగలను, లోపలిది కుట్టలేనని."

"ఏమన్నాడు?"

"పైన కనబడకపోతే చాలన్నాడు."

పొద్దున పాప తల్లికి నేనే తొడిగాను దాన్ని. జాగ్రత్త చెప్పి మరీ తొడిగాను. ఆ మాట చెప్పాను. అమ్మ నోట్లో సూది తీసి దిండుకి గుచ్చి, పెద్ద కత్తెర అందుకుంది. ఊడిన భుజం దగ్గర మొదలుపెట్టి చుట్టూ కుట్లన్నీ తెంపేసింది. లోపలి నల్లటి రేకు రెండు ముక్కలుగా బల్ల మీద పడింది. ఒక ముక్క అంచునుంచి బూడిదరంగు పొడి రాలితే తడిగుడ్డతో తుడిచి, చేతులు రెండుసార్లు కడుక్కుంది.

నాన్న తల తుడుచుకుంటూ వచ్చాడు.

"చూడండి," అంది అమ్మ. "ఇక నేను వీటిని కుట్టను. నేను కుడుతున్నాను కాబట్టే ఇవి బాగున్నట్టు కనబడుతున్నాయి."

నాన్న ఆ రెండు ముక్కల్నీ దగ్గరకు జరిపి చూశాడు. మధ్యలో వేలు దూరేంత సందు మిగిలింది. భోజనం చేశాడు, పేపరు చదివాడు, పడుకున్నాడు. అమ్మా నేనూ కుక్కిన పేనుల్లా ఉండిపోయాం. ఆయన తిడతాడని చూశాం. తిడితే ఏదో ఒకటి అనొచ్చు. తిట్టలేదు.

తెల్లారి ఆరున్నరకు మేకుకున్న తాళంచెవి తీసుకుని, రేకు ముక్కలు సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. పొడుగోడినీ డౌటునీ ముందే రమ్మన్నాను. ఏప్రన్ బాగుందో లేదో తెలుసుకోవడానికి మార్గం మా పుస్తకంలోనే ఉంది: దానికీ ఎక్స్‌రే తియ్యడమే. బాగుంటే తెల్లగా వస్తుంది, విరిగినచోట నల్లగీత పడుతుంది. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న అది. ముగ్గురం పోయినేడు రాసి ఐదుకి ఐదు తెచ్చుకున్నవాళ్ళమే. ఒక్కసారి కూడా చేసి చూడలేదు.

గదుల్లో వెతికితే మొత్తం ఏడు దొరికాయి, అమ్మ విప్పినదానితో కలిపి. ఒకటి కుర్చీ కింద, రెండు స్ట్రెచర్ మీద మడిచి. నాన్నది ఒక్కటే సరిగ్గా కొయ్యకి వేలాడుతోంది. నీలం రంగుది, దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. మొదటిదాన్ని బల్ల మీద పరిచి, అందరం అద్దం వెనక్కి వచ్చి బటన్ నొక్కాం. తెర మీద తెల్లటి మైదానం, దానిలో బీటలు వారిన నేలలా గీతలు. డౌటు మొదటిసారి ప్రశ్న అడక్కుండా నిలబడింది.

మూడోది తీస్తుండగా తలుపు తెరుచుకుంది. నాన్న. చేతిలో గొడుగు నీళ్ళు కారుతోంది. తేలు కుట్టిన దొంగల్లా ముగ్గురం బిగుసుకుపోయాం.

ఆయన తెర దగ్గరికి వచ్చి కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"ఎక్స్‌పోజర్ ఎంత ఇచ్చావు?" అన్నాడు.

చెప్పాను.

"చాలదు. లావు బీటలు కనబడతాయి గానీ సన్నవి కనబడవు. పెంచు." బల్ల దగ్గరికి వెళ్ళి ఏప్రన్ ముడతలు అరచేత్తో సరిచేశాడు. "ముడతా బీటా ఒకేలా పడతాయి తెర మీద. రేపు ఎవడో వచ్చి ఇది ముడతే అంటే ఏం చెబుతావు? నంబరు ఏది? ఏ ఏప్రన్‌దో తెలియని ఫిల్మ్ ఫిల్మే కాదు." సొరుగు లాగి, బ్యాడ్జ్‌ల పక్కనున్న సీసం అంకెల డబ్బా తీశాడు. "మళ్ళీ మొదట్నుంచి తియ్యండి."

మొదట్నుంచి తీశాం. ఒక్కోదానికి పైభాగం ఒకటి, కిందిభాగం ఒకటి. ఆయన చెప్పడం, మేం పరచడం, అందరం అద్దం వెనక్కి రావడం. ఏడోది ఆయన నీలం ఏప్రన్. దాన్ని తానే తెచ్చి, తానే పరిచి, తానే బటన్ నొక్కాడు. అది మడత పడింది కాదు, కాబట్టి బాగుంటుందనే నేను అనుకున్నాను. కానీ ఆయన రోజంతా దాన్ని వేసుకునే కూర్చునేవాడు. నడుము వంగేచోట అడ్డంగా ఒక గీత వచ్చింది.

నాన్న తెర మీద ఆ గీతని కొలిచాడు. "పదిహేను సెంటీమీటర్లు," అన్నాడు, డాక్టరుకి ఎవరిదో రిపోర్టు చదివి వినిపిస్తున్నట్టు.

తర్వాత బీరువా తీసి రిజిస్టరు పట్టుకొచ్చాడు. తొమ్మిదేళ్ళు, ఏటా ఒకే వాక్యం: ఏడు ఏప్రన్లను పరీక్షించడమైనది, సంతృప్తికరం. కింద ఆయన సంతకం. తొమ్మిదీ ఒకే కలంతో పెట్టినట్టున్నాయి. ఆ పేజీని నాకు కనబడేలా పెట్టి, పక్కన కొత్త పేజీలో ఆనాటి తేదీ వేశాడు. రెండు పనికొస్తాయి, ఐదు పనికిరావు, అని రాశాడు. సంతకం పెట్టాడు. ఎనిమిదిన్నర అయింది. బయట లైను మొదలైంది.

"ఈ ఐదూ ఎవరూ వాడకూడదు. పట్టుకోవాల్సిన కేసులు రెండో గదికి పంపండి, మంచివి రెండూ అక్కడ పెట్టండి," అని, "పట్టుకునేది వాళ్ళవాళ్ళే. మీరు కాదు," అన్నాడు. సొరుగులోంచి మా బ్యాడ్జ్‌లు తీసి బల్ల మీద పోశాడు. అడుగున ఉన్న తనది వెతికి, చొక్కాకి పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే సూపరింటెండెంట్ మా ఇద్దర్నీ పిలిపించారు. ఆయన చెడ్డవాడని ఇప్పటికీ అనను. మంచాలు చాలని ఆసుపత్రిని నడుపుతూ ప్రతి గొడవనీ దుప్పటి కిందకి తోసేసే అలవాటు పడ్డ మనిషి. బల్ల మీద మేం తీసిన ఫిల్మ్‌లు వరసగా పరిచి ఉన్నాయి.

"పెద్దాయనా, మీకు రిటైర్‌మెంట్‌కి ఎన్నాళ్ళుంది?"

"పద్నాలుగు నెలలు సార్."

"ఇవి బయటికి వెళితే ముందు అడిగేది మీ తొమ్మిది సంతకాల గురించే. తెలుసుగా." నావైపు తిరిగారు. "నీ పోస్టింగ్ పుస్తకంలో రాసింది చూశానమ్మా. దాంతో నీకు ఈ మూడునెలల మార్కులూ పోతాయి." ఒక తెల్లకాగితం నాన్న ముందుకు జరిపారు. "విద్యార్థులు అనుమతి లేకుండా తీశారు, ఎక్స్‌పోజర్ సరిగ్గా ఇవ్వక గీతలు పడ్డాయి, అని రాసివ్వండి. కొత్త ఏప్రన్లు నేను నెమ్మదిగా తెప్పిస్తాను. మీ సంతకాలూ క్షేమం, అమ్మాయి మార్కులూ క్షేమం."

నాన్న కాగితం తీసుకున్నాడు. రాస్తాడనే అనుకున్నాను. రాసినా నేనేమీ అనలేనని కూడా అనుకున్నాను. ఆ పద్నాలుగు నెలలు ఆయనవి, ఆ పరువు ఆయనది.

ఆయన ఫిల్మ్‌లు ఒక్కొక్కటే తీసి కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. ఏడో నంబరు దాన్ని కాస్త ఎక్కువసేపు చూశాడు.

"సంతకాలు తప్పు పెట్టాను సార్," అన్నాడు. "ముప్పై రెండేళ్ళలో ఫిల్మ్ మాత్రం తప్పు తియ్యలేదు. ఇవి పిల్లలు తీసినవి కావు, నేను తీసినవి. ఎక్స్‌పోజర్ సరిగ్గానే ఉంది."

ఆ కాగితం మీద ఆయన రాసిచ్చింది రెండే వాక్యాలు. తొమ్మిదేళ్ళుగా పరీక్ష చెయ్యకుండా సంతకం పెట్టానని ఒకటి. ఈ రోజు పరీక్ష చేశానని ఇంకొకటి.

బయటికొచ్చాక కారిడార్‌లో నా పోస్టింగ్ పుస్తకం సంగతి అడిగాను. దాన్ని కొట్టేస్తావా అని. "నువ్వు ఆదేశం పాటించలేదు కదా," అన్నాడు. "జరిగింది రాశాను. ఇప్పుడది దిద్దితే పది అవుతాయి." పదోది ఏమిటో ఒక నిమిషం దాకా నాకు అర్థం కాలేదు.

పరిశీలకులు వచ్చారు. అన్నీ చూశారు. కొత్త ఏప్రన్లు వచ్చేదాకా ఒక గది మూతపడింది. లైను రెట్టింపయింది, ఆ కోపమంతా కౌంటరు దగ్గర మామీదే కురిసింది. వాననయినా గొడుగు ఆపుతుంది గానీ దాన్ని ఏదీ ఆపలేదు. నాకు మూడునెలల మార్కులు పోయాయి, నా క్లాసు వాళ్ళు ముందుకెళితే నేను అదే పోస్టింగ్ మళ్ళీ చెయ్యాల్సి వచ్చింది. నాన్నని చీఫ్ పదవి నుంచి తప్పించి కిందనున్న రికార్డు గదికి వేశారు. పాత ఫిల్మ్ కవర్ల మధ్య కూర్చుని, ఎవరైనా చీటీ తెస్తే వెతికిచ్చే పని. ఇరుగుపొరుగు అమ్మ దగ్గర బట్టలు కొలతలిస్తూ, "కన్నకూతురే చేసిందట కదా," అనేవాళ్ళు. "అవును, ఇద్దరూ కలిసి చేశారు. నేను కత్తెర అందించాను," అనేది అమ్మ.

ఇంట్లో నాన్న నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. తప్పు చేశానని నాకు ఒక్కరోజు కూడా అనిపించలేదు, బాధ మాత్రం రోజూ అనిపించేది. పదో రోజు పొద్దున ఆయన చెప్పులేసుకుంటూ, "వస్తావా, బస్సు వచ్చేస్తుంది," అన్నాడు. వెళ్ళాను. అంతే, ఇంకేం జరగలేదు.

వానలు తగ్గుతున్న రోజుల్లో కొత్త చీఫ్ మమ్మల్ని నిలదీశాడు. "పట్టుకోం పట్టుకోం అంటున్నారు. పట్టుకోకుండా పిల్లలకి తియ్యడం మీలో ఎవరికైనా వచ్చా? పిల్లలందరికీ తల్లిదండ్రులు వెంట ఉండరు, ఉన్నా అందరికీ చేతకాదు." నిజంగానే మాకు రాదు. ఎవరూ నేర్పలేదు. ఆ రోజు భోజనం వేళ మేం ఆరుగురం మెట్లు దిగి రికార్డు గదికి వెళ్ళాం. పొడుగోడు తలుపు పైకమ్మీకి తల కొట్టుకున్నాడు.

నాన్న మా మాట విన్నాడు. లేచి, బల్ల మీది కవర్లు పక్కకి పెట్టి, రెండు పాత దిండుగలీబుల్లో ఇసుక పోయించుకు రమ్మన్నాడు. డౌటుని బల్ల మీద పడుకోబెట్టాడు. ఇసుక సంచి మోకాళ్ళ మీద ఎలా వెయ్యాలో, స్పాంజి ముక్క తల పక్కన ఎలా దూర్చాలో, వెడల్పు పట్టీతో చేతులు నొప్పి లేకుండా ఎలా చుట్టాలో చూపించాడు. పిల్లలు ఏడుస్తున్నప్పుడు తియ్యకూడదన్న వాళ్ళు తెలివితక్కువ వాళ్ళన్నాడు. ఏడ్చే పిల్ల ప్రతి కేకకీ ముందు నిండా ఊపిరి తీసుకుంటుందట, ఛాతీ ఫిల్మ్‌కి అంతకంటే మంచి క్షణం లేదట. చేతులు చకచకా కదులుతున్నాయి. మూడు నిమిషాల్లో డౌటు కదల్లేని మూటలా తయారైంది.

"సార్, ఇవన్నీ మీకు ముందే వచ్చా?" అంది ఆ మూటలోంచే.

"మీ వయసులోనే నేర్చుకున్నాను."

"మరి మాతో ఎందుకు పట్టించారు?"

నాన్న పట్టీ ముడి విప్పుతూ ఆగాడు. "లైను పెరిగింది. ఒకరోజు తొందరలో ఎవరినో పట్టుకోమన్నాను. కాదనలేదు. రెండోరోజు ఇంకొకర్ని అన్నాను, వాళ్ళూ కాదనలేదు. మూడోరోజుకి అదే పద్ధతి అయిపోయింది." ముడి విప్పాడు. "సంచులు వెయ్యడం గంటలో వస్తుంది మీకు. రానిది వేరే ఉంది. వరసగా నిలబడండి."

నిలబడ్డాం. ఆయన రిజిస్టరు చంకలో పెట్టుకుని మా ముందుకు వచ్చాడు. అద్దం వెనకనుంచి వినబడే ఆ పాత గొంతుతో పొడుగోడిని, "పట్టుకో," అన్నాడు.

"అంటే సార్, వీలైతే ఇంకెవరినైనా..."

"అలా నములుతూ ఉంటే నీ చేతికి పిల్లని ఇచ్చేస్తారు. మళ్ళీ."

"పట్టుకోను సార్."

"గట్టిగా. పై అంతస్తులో లైనుకి వినబడాలి."

వాడు గట్టిగా అన్నాడు. తర్వాత డౌటు అంది. ఇంకో ముగ్గురూ అన్నారు. ఎవరో నవ్వబోతే నాన్న నవ్వనివ్వలేదు. నా ముందుకు వచ్చి ఆగాడు.

"పట్టుకో."

"పట్టుకోను."

"బయట లైను చూశావా?"

"చూశాను. పట్టుకోను."

"మార్కులు పోతాయి."

"పోయాయి సార్. పట్టుకోను."

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే," అన్నాడు. "రేపు మిగతా ఐదుగురినీ తీసుకురండి."